బేగంపేట నుంచి శంషాబాద్‌కు గంటా పదకొండు నిమిషాలు

మెట్లు. ఇంకా మెట్లు.

నారాయణగూడ మెట్రో స్టేషన్‌కు ఇన్ని మెట్లు ఉంటాయని నవతకు ఇవాళే తెలిసింది.

పొద్దస్తమానం కారు సీట్లో కూర్చునే మనిషి. నలభై రెండేళ్లు. మోకాళ్లు మొత్తుకుంటున్నాయి. ఊపిరి గొంతులో అడ్డం పడుతోంది.

అయినా ఆగదు.

ఆగితే జైలు. ఆగితే ఒక ముసలావిడ ప్రాణం.

సాయంత్రం ఏడూ పది. చీకటి పడి ఎంతోసేపు కాలేదు. ఆఫీసులు వదిలిన జనం ఎదురొస్తున్నారు. భుజాలు తగులుతున్నాయి. ఎవరో తిట్టారు కూడా.

సగం మెట్ల మీద ఆగి వెనక్కి చూస్తుంది.

కింద రోడ్డు మీద ఆగిన బైకు. దాని మీద తలెత్తి పైకి చూస్తున్న మనిషి.

రాము!

వాడూ చూశాడు. చెయ్యి ఊపుతున్నాడు. నవ్వుతున్నాడు కూడా. పద్నాలుగేళ్లుగా రాఖీ పండగనాడు గడప దాటి వచ్చి చెయ్యి చాపేటప్పుడు నవ్వే నవ్వే అది. తోడబుట్టినవాడు కాదు. అంతకన్నా ఎక్కువే అనుకుంది.

ఫోను మోగుతుంది.

"అక్కా, గట్ల ఉరుకుతవేంది? జర ఆగు. బండి మీద తీస్కపోత గద."

"యాడికి?"

"నువ్వు యాడికి పోతున్నవో గాడికే."

మాటలో తేనె.

కట్ చేస్తుంది. ఉరుకుతుంది. రైలు తలుపులు మూసుకుంటున్నాయి. సందులోంచి దూరింది. చున్నీ కొస ఇరుక్కుంది. లాగింది. చిరిగింది. పోనీ!

నారాయణగూడ నుంచి చిక్కడపల్లికి రైల్లో రెండు నిమిషాలు. అక్కణ్ణుంచి అశోక్‌నగర్ లైబ్రరీ వెనక గల్లీకి ఉరికితే తొమ్మిది. మొత్తం పదకొండు. బైకు మీద, ఈ ట్రాఫిక్‌లో... పన్నెండు.

ఒక్క నిమిషం తేడా.

తొమ్మిదేళ్లుగా క్యాబ్ నడుపుతున్న మనిషికి లెక్కలు ఇలాగే వస్తాయి. ఎంత దూరమని ఎవరడిగినా నవత కిలోమీటర్లు చెప్పదు. నిమిషాలు చెప్తుంది.

ఆ నిమిషాలే ఇవాళ మెడకు చుట్టుకున్నాయి.

అంతా పోయిన శుక్రవారం మొదలైంది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో క్యాబ్‌లు ఆగే పార్కింగ్ ఉంది. అక్కడి డ్రైవర్లది ఒక పద్ధతి. బుకింగ్ రావాలంటే వరసలో ఉండాలి. వరసలో ఉండాల్సింది ఫోను. మనిషి లేకపోయినా నడుస్తుంది. అందుకని ఎవరికి పని పడ్డా ఫోను పక్కవాడి చేతిలో పెట్టి పోతారు. ఒకరి ఫోను ఒకరు కాస్తారు. ఎందుకు పోతున్నావని ఎవరూ అడగరు. అడిగితే మర్యాద కాదు.

ఆ రోజు నాలుగింటికి రాము వచ్చాడు. వాడిదీ క్యాబే.

"అక్కా, నీ బండి బ్రేకు కీచుమంటుంది. నల్లకుంటల మెకానిక్‌కు చూపిస్త. నువ్వు నా బండ్ల కూసో. నా ఫోన్ నీ కాడ పెట్టుకో. నీ ఫోన్ ఇటియ్యి, స్క్రీన్ పగిలింది, అది గూడ ఏయిస్త."

తాళం ఇచ్చింది. ఫోను ఇచ్చింది. రాము అడిగితే ఇవ్వనిది ఏముంది కనక? మూడేళ్ల కిందట అంబర్‌పేటలో వాడు తాగి కారుతో ఒక మనిషిని గుద్ది చంపాడని కేసు పెడితే, "నా తప్పు లేదక్క" అన్న ఒక్క మాట పట్టుకుని కోర్టుకు పోయి జామీను సంతకం పెట్టింది కూడా తనే.

పోతూ పోతూ వెనక్కి తిరిగి అన్నాడు. "బుకింగొస్తే ఎత్తకు."

ఎత్తింది.

ఆరూ ఇరవై అయిదుకు. రెండున్నర గంటలు కాస్తే వచ్చిన బుకింగ్. వదిలేస్తే తమ్ముడి రేటింగ్ పడిపోతుందని పాపం, ఆమె బాధ. విశాఖ ఫ్లైటు దిగిన పెద్దావిడ. హైమవతి గారు. అశోక్‌నగర్.

రాత్రి ఆ సంగతి చెప్తే రాము మొహం ఒక్క క్షణం నల్లబడింది. తర్వాత నవ్వాడు.

"మంచిదే అయిందక్క."

ఎందుకు మంచిదో ఆదివారం తెలిసింది.

శుక్రవారం సాయంత్రం ఆరూ పదికి బేగంపేటలో, పాత ఎయిర్‌పోర్టు గేటుకు కొంచెం అవతల, విశ్వేశ్వరరావు అనే రిటైర్డ్ మాస్టారును ఎవరో కారులోంచి కాల్చి చంపారు. అంబర్‌పేట కేసులో కళ్లతో చూసిన సాక్షి ఆయనొక్కడే. సోమవారం కోర్టులో చెప్పాల్సిన మనిషి.

పోలీసులు ముందు పట్టుకున్నది రామునే. వాడు ఫోను చూపించాడు. ఆరూ పదికి శంషాబాద్. ఆరూ ఇరవై అయిదుకు అక్కణ్ణుంచే ట్రిప్.

ఎస్సై తేజస్వి ఊరికే నమ్మే మనిషి కాదు. "ఆ ఎయిర్‌పోర్టు నుంచి ఈ ఎయిర్‌పోర్టుకు ఎంతసేపో కొలవాలి" అంది.

"నేను నడుపుత మేడమ్. మీరు పక్కన కూసోండ్రి." అన్నది ఎవరు? నవతే.

సోమవారం, అదే వేళకు. పాత ఎయిర్‌పోర్టు గేటు నుంచి శంషాబాద్ పార్కింగ్ దాకా. మెహదీపట్నం దాటి, ఎక్స్‌ప్రెస్ వే మీదుగా. ముప్పై నాలుగు కిలోమీటర్లు. గంటా పదకొండు నిమిషాలు. తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు మళ్లీ కొలిచారు. నలభై ఆరు.

"పదిహేను నిమిషాల్ల ఎవ్వలతోని గాదు మేడమ్." కాగితం మీద సంతకం పెట్టింది.

ఇంకో కాగితం మీదా పెట్టింది. అది రాము బతిమాలితే.

"నా ఫోన్ నువ్వు కాసినవంటే యాప్‌ల ఇద్దరి ఐడీలు బంద్ అక్క. పోలీసోళ్లు మళ్ల నా మీదనే పడతరు. నేను నల్లకుంటల బ్రేకు చేయించుకుంట కూసున్న. మా అమ్మ మీద ఒట్టు. నీ బండి నీ కాన్నే ఉన్నదని చెప్పు. సిటీల తిరిగిన అను. గంతే."

'శుక్రవారం నా బండి నా దగ్గరే ఉంది. నేనే నడిపాను.' సంతకం, నవత.

ఇవాళ ఆరూ యాభైకి ఎస్సై ఫోన్ చేసింది.

"కెమెరా ఫుటేజ్ వచ్చింది నవతా. శుక్రవారం ఆరూ పదికి మాస్టారు పక్కన ఆగిన బండి నీది. నీ ఫోను టవర్ కూడా అక్కడే. బండి నేనే నడిపానని నువ్వే రాసిచ్చావ్. తమ్ముడి కోసం చంపావా? ఇంట్లోనే ఉండు. వస్తున్నా."

నల్లకుంట లేదు. మెకానిక్ లేడు. బ్రేకు ఎప్పుడూ కీచుమనలేదు.

వాడు శంషాబాద్‌లో ఉన్నట్టు, తను బేగంపేటలో ఉన్నట్టు... దూరం కొలిచి, నిమిషాలు లెక్కపెట్టి, తన చేత్తో తనే రాసిచ్చింది.

మిగిలింది ఒకే ఒక్క మనిషి. శుక్రవారం రాము బండి నడిపింది ఆడమనిషి అని చెప్పగలిగే హైమవతి గారు. ఆవిడ ఇంటి దారి రాము ఫోన్‌లో ఇంకా ఉంది.

ఒక సాక్షిని చంపినవాడికి రెండో సాక్షి ఎంత?

ఈ వేళప్పుడు ఈ రోడ్ల మీద కారు కదలదు. అందుకే ఈ పరుగు.

రైలు కదులుతోంది. నవత ఎస్సైకి ఫోన్ చేస్తుంది. బ్యాటరీ రెండు శాతం.

"ఎక్కడున్నావ్? నీ ఇంటి ముందున్నా. తాళం ఉంది."

"అశోక్‌నగర్ పోతున్న మేడమ్. లైబ్రరీ ఎనక గల్లీ, పచ్చ గేటు, రెండో అంతస్తు. హైమవతి గారు. శుక్రారం ఆమెను దించింది నేను. రాము గాదు. ఫోన్లు మార్చుకున్నం, బండ్లు మార్చుకున్నం. ఆమెను అడుగుండ్రి."

"సోమవారం ఒకటి చెప్పావ్. ఇవాళ ఇంకోటి."

"సోమారం చెప్పింది అబద్ధం."

"సంతకం పెట్టి మరీ చెప్పావ్."

"తమ్ముడని పెట్టిన మేడమ్."

అవతల జీపు తలుపు పడ్డ చప్పుడు.

"రాము గూడ గాడికే పోతుండు. నన్ను తర్వాత పట్టుకోండ్రి. ముందుగాల ఆమెను..."

ఫోను చచ్చింది.

నమ్మిందా? నమ్మలేదా? తెలీదు.

చిక్కడపల్లి!

తలుపులు తెరుచుకోగానే దూకుతుంది. మెట్లు మూడేసి చొప్పున. రోడ్డు దాటుతుంటే బస్సు బ్రేకులు అరుస్తాయి. గల్లీలోకి. మిర్చి బజ్జీల బండి. జిరాక్స్ షాపు ముందు హాల్ టికెట్ల కోసం లైను. కోచింగ్ సెంటర్లు వదిలారు. వీపున బ్యాగులు, చేతిలో మ్యాగజైన్లు, నోట్లో ఇడ్లీ. ఈ పరీక్షల పిల్లలు నిలబడ్డ చోటే కరెంట్ అఫైర్స్ వల్లె వేస్తున్నారు.

"జరుగుండ్రి బిడ్డా... జరుగుండ్రి!"

"ఏమైందక్కా? దొంగనా?"

ఉరుకుతూనే ఉంది.

లైబ్రరీ గోడ. మలుపు. పచ్చ గేటు.

గేటు ముందు బైకు.

ఇంజన్ ఇంకా వేడిగా టిక్కు టిక్కుమంటోంది.

పన్నెండు నిమిషాలు అనుకుంది. ఆరేడులోనే వచ్చినట్టున్నాడు. రాంగ్ రూట్లో వచ్చి ఉంటాడు. తొమ్మిదేళ్లలో నవత లెక్క ఇంతగా ఎన్నడూ తప్పలేదు.

మనుషుల్ని కొలవడంలోనూ అంతేనేమో.

మళ్లీ మెట్లు. గోడ పట్టుకుని ఎక్కుతోంది. రెండో అంతస్తు. తలుపు తీసే ఉంది. లోపల కాఫీ వాసన, ఫ్యాను చప్పుడు, ఆగకుండా ఒక గొంతు.

"...మావారు ఈ ఇంట్లో దిగింది డెబ్బై తొమ్మిదిలో బాబూ. అప్పటికి ఈ గల్లీలో మూడే ఇళ్లు. మూడో ఇంటివాళ్ల కుక్క పేరు కూడా చెప్తాను..."

"వద్దమ్మా." రాము గొంతు. విసుగ్గా. "చెప్పింది యాదికుంది గద? పోలీసోళ్లొస్తే ఏమంటవ్?"

"యాదికి లేకపోవడమేంటి నాయనా, నాకు ఏదీ పోదు. అదే నా ఖర్మ."

బతికే ఉంది!

నవత గుమ్మంలో నిలబడుతుంది. "అమ్మా..."

హైమవతి గారు తలెత్తుతారు. డెబ్బై ఆరేళ్ల మనిషి. చిన్న మొహం, పెద్ద కళ్లద్దాలు. అద్దాల మీంచి నిదానంగా, బాగా చూస్తారు.

"ఎవరమ్మా నువ్వు?"

నవత గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేస్తుంది.

"నేనమ్మా. శుక్రారం ఎయిర్‌పోర్ట్ కాడికెల్లి మిమ్మల్ని దించింది నేను. సూట్‌కేసు పైదాంక మోసిన. గుర్తు చేస్కోండ్రి."

"నువ్వు కాదు. నన్ను దించింది ఈ అబ్బాయి."

ఒక్క ముక్కలో తేల్చేశారు. చూపు తిప్పేశారు.

రాము కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. ముందు కాఫీ గ్లాసు. ఒళ్లో హెల్మెట్. కుడిచెయ్యి హెల్మెట్ లోపల.

"ఇన్నవా అక్క? పెద్దామె గూడ నేనే అంటుంది. ఇగ ఎందుకు పరేషాన్ అయితవ్?"

నవత వాణ్ణే చూస్తోంది. మణికట్టు మీద తను కట్టిన దారం. రంగు వెలిసింది కాని తెగలేదు.

"ఎందుకు రాము?"

"ఏది ఎందుకు?"

"నా బండే ఎందుకు? నా ఫోనే ఎందుకు? ఇంత పట్నంల నీకు ఇంకెవ్వలు దొరకలేదా?"

రాము కొంచెంసేపు నిజంగానే ఆలోచిస్తాడు.

"తాళం ఇయ్యి అంటే ఎందుకని అడగనోళ్లు నాకు ఇంకెవలున్నరక్క?"

ఎగతాళి కాదు. ఉన్న మాటే చెప్పినట్టు చెప్పాడు. చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

కింద గేటు చప్పుడు.

బూట్లు. మెట్ల మీద. వేగంగా.

రాము లేచాడు. హెల్మెట్ కింద పడింది. ఒక్క అడుగులో నవత ముందున్నాడు.

"అక్కా, ఇది పట్టు."

పట్టుకుంది!

ఆలోచన లేదు. సంచి పట్టు అంటే పట్టుకుంది. ఫోను పట్టు అంటే పట్టుకుంది. పద్నాలుగేళ్లుగా వాడి చేతిలోంచి ఏదొస్తే అది అందుకున్న చెయ్యి.

చల్లగా ఉంది. బరువుగా ఉంది. అప్పుడు చూసుకుంది.

నాటు పిస్టల్.

"మేడమ్!" రాము అప్పటికే గోడకు అతుక్కున్నాడు. చేతులు పైకి. గొంతులో ఏడుపు. "అక్క చేతుల పిస్టల్ ఉంది మేడమ్! పెద్దామెను బెదిరిస్తుంది!"

గుమ్మంలో ఎస్సై తేజస్వి. రెండు చేతుల్లో రివాల్వర్. నవత గుండెకు గురి.

"కింద పెట్టు."

నవత వేళ్లు మాట వినడం లేదు. బిగుసుకుపోయాయి.

"మేడమ్, ఇది నాది గాదు..."

"ఏదీ నీది కాదంటావ్. బండి నీది కాదు, సంతకం నీది కాదు. కింద పెట్టు నవతా. మూడోసారి చెప్పను."

"మేడమ్, ఉరుకొచ్చి ఆపిన" అంటున్నాడు రాము. "ఎంతైనా అక్క. ఆమెనేం చెయ్యకుండ్రి."

నవత కళ్లు మూసుకుంది.

"ఒక్క మాటమ్మాయ్."

హైమవతి గారు. కుర్చీలోంచి లేవలేదు. కొంగు సర్దుకుంటున్నారు.

"పెద్దావిడా, మీరు లోపలికి వెళ్లండి" అంటుంది తేజస్వి.

"వెళ్తాను. ఆ తుపాకీ ఇప్పుడు ఈ అబ్బాయి చేతిలో లేదు కదా?"

"లేదు."

"ఇంకోటేమైనా ఉందా నీ దగ్గర బాబూ?"

రాము తెల్లబోయాడు. "నా తాన ఏముంటదమ్మా?"

"అయితే నాకు మాట్లాడ్డానికి వీలు చిక్కింది." ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఇద్దర్నీ ఒకటే అడుగుతాను. శుక్రవారం నేను ఎయిర్‌పోర్టులో కారెక్కింది ఆరూ ఇరవై అయిదుకు. ఇంటికి చేరింది ఎనిమిదీ అయిదుకు. గంటాపావులో వచ్చే దారికి గంటా నలభై ఎందుకు పట్టింది బాబూ?"

రాము తడుముకోలేదు. యాప్‌లో చూసుకునే వచ్చాడు. "నారాయణగూడల ట్రాఫిక్ అమ్మా. ఇరవై రెండు నిమిషాలు బండి కదల్లే."

"కావాల్నంటే రికార్డుల చూడుండ్రి మేడమ్. ఇరవై రెండే ఉంటది" అన్నాడు మళ్లీ, ఎస్సై వైపు తిరిగి.

తేజస్వి తల ఊపింది. ఆ కాగితం ఆమె దగ్గరా ఉంది.

యాప్ అన్నీ చెప్తుంది. బండి ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పదు.

"నువ్వు చెప్పమ్మా."

నవత కళ్లు తెరుస్తుంది.

"కాఫీ పొడికి."

"అంటే?"

"పొడి పట్టే దుకాణం కాడ ఆపుమన్నరు. గింజలు పచ్చిగున్నయి, మళ్ల వేయించుమన్నరు. చికోరి కలపబోతే ఆయన చెయ్యి పట్టుకున్నరు. దుకాణమాయనకు కోపమొచ్చింది. మీరు ఆయన నాయిన పేరు చెప్పి, గాయనకొచ్చిన పని నీకు రాలేదన్నరు. గప్పుడు నవ్వి మళ్ల వేయించిండు. మీ సంచి పట్టుకొని నేను పక్కనే నిలబడ్డ. ఇరవై రెండు నిమిషాలు."

ఫ్యాను తిరుగుతోంది. గదినిండా అదే కాఫీ వాసన.

"ఈ పిల్లే అమ్మాయ్" అన్నారు హైమవతి గారు. "నన్ను దించింది ఈ పిల్లే. ఇందాక తెలీదన్నాను తల్లీ, ఏమనుకోకు. వాడి చెయ్యి హెల్మెట్లో ఉంది. నువ్వేనని నేనంటే నిన్నూ, నన్నూ..."

తేజస్వి రివాల్వర్ కదిలింది. నవత గుండె మీంచి జరిగి రాము వైపు.

రాము ఏడుపు ఆగిపోయింది. కొళాయి కట్టేసినట్టు.

"అక్కా." మెత్తటి గొంతు. ఎప్పటి గొంతే. "ఇటియ్యి."

నవత చెయ్యి లేచింది.

తను లేపలేదు. దానంతట అదే లేచింది. వాడి వైపు... సగం దూరం.

సగం దూరంలో ఆపుకుంది. పద్నాలుగేళ్లలో మొదటిసారి ఆపుకుంది.

ఆ సగం చాలు వాడికి!

లాగేశాడు. పిస్టల్ గొట్టం నవత రొమ్ముకు ఆనింది. తేజస్వికీ రాముకూ మధ్య నవత. కాల్చడానికి సందు లేదు.

ఫోన్లు మార్చుకున్న సంగతి కోర్టులో నిలబడి చెప్పగలిగే మనిషి నవత. మాస్టారు తర్వాత ఈమె.

నవత వాడి కళ్లలోకి చూసింది. వాడూ చూశాడు. రెప్ప వెయ్యలేదు.

వేలు మడిచాడు.

టిక్.

అంతే. అంతే చప్పుడు.

తేజస్వి దూకింది. నవత పక్కకు పడింది. కాఫీ గ్లాసు ఎగిరింది. మోచెయ్యి, మోకాలు, మూలుగు... రాము బోర్లా ఉన్నాడు. చేతులు వెనక్కి. వెలిసిపోయిన దారం మీద బేడీ బిగిసింది.



నవత గోడకు జారబడి కూర్చుంది. హైమవతి గారి చెయ్యి తల నిమురుతోంది.

"మేడమ్."

"ఊఁ."

"అది ఖాళీదే గద?" నవత రొమ్ము మీద గొట్టం ఆనిన చోటును అరచేత్తో రుద్దుకుంటోంది. "ఖాళీదని వానికి తెలుసు గద? ఉత్తగ భయపెట్టనీకి నొక్కిండు. గంతే గద మేడమ్?"

తేజస్వి రాము వైపు చూసింది. వాడు చెంప నేలకు ఆనించి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఆమె పిస్టల్ అందుకుంది. మధ్యకు విరిచింది. గొట్టంలోంచి తూటా జారి అరచేతిలో పడింది. ఒక్కటే. దాన్ని తిప్పి, నవతకు కనిపించేలా దీపం వెలుగులో పట్టుకుంది.

తూటా ఇత్తడి అడుగున, సరిగ్గా నడిమధ్యన, వాడు నొక్కినప్పుడు పిస్టల్ పిన్ను కొట్టిన సొట్ట.

"నిండుగానే ఉంది నవతా" అంది తేజస్వి. "పేలలేదంతే."